పోతు మొక్కలు పీకని యామ్నా

ఊట ఆగిపోయిన రోజున యామ్నా ఎవరినీ తిట్టలేదు. తమదిత్ ఊరి ఆడవాళ్ళకు భయం పుట్టింది అందుకే.

మామూలుగా ఆమె నోటికి సెలవు ఉండదు. గాడిద మొరాయిస్తే గాడిదను, రొట్టె మాడితే పొయ్యిని, వాన రాకపోతే మబ్బును తిట్టే మనిషి. కెతామా సంతలో గడ్డిటోపీ పెట్టుకుని, ఎర్రచారల గుడ్డ నడుముకు చుట్టుకుని బేరాలాడే ఆడవాళ్ళు వందమంది ఉంటారు. గొంతు వినగానే మగవాళ్ళు తలతిప్పి చూసేది మాత్రం ఒక్క యామ్నా వైపే. అలాంటి మనిషి ఆ జూన్ ఉదయం రాతిగొట్టం కింద డబ్బా పెట్టి, నీళ్ళ కోసం చాలాసేపు నిలబడింది. ఒక చుక్క రాలింది. ఎప్పటికో ఇంకొకటి. తర్వాత అదీ లేదు. ఆమె తడిరాతి మీద అరచెయ్యి ఆనించి చూసింది. తల పైకెత్తింది.

పైన, కొండ నడుం మీద, ఆమె మరిది అల్లాల్ చెరువు నిండుగా ఉంది. నల్ల ప్లాస్టిక్ పరిచి కట్టిన గుంట అది. అంచుదాకా నీళ్ళు. గాలికి అలలు కూడా లేస్తున్నాయి.

యామ్నా ఖాళీ డబ్బా పట్టుకుని కొండెక్కింది. వెనక ఎవరూ వెళ్ళలేదు.

ఆమె ఆ ఊరికి కోడలిగా వచ్చినప్పుడు పదిహేడేళ్ళు. మొగుడు ముహంద్ మెత్తటివాడు. వాళ్ళకు నాలుగు మెట్టచెక్కలుండేవి. ఒకదాంట్లో బార్లీ, మిగతా మూడింట్లో గంజాయి. ఆ కొండమీద రాళ్ళకు ఇంకేదీ బతకదు, పెద్దలనాటి నుంచీ అదే పంట. బెల్దియా అంటారు దాన్ని, అంటే మన ఊరిదని. చలికాలం చివర గింజలు చల్లి వదిలేస్తే కొండవాన తాగి పెరుగుతుంది. నడుమెత్తు దాటదు. సన్నటి కాడ, చిన్న కంకి. పోతు మొక్కా పెంటి మొక్కా పక్కపక్కనే ఉంటాయి; పోతులు పుప్పొడి రాల్చి ఎండిపోతాయి, పెంటివి గింజకడతాయి. వేసవి చివర వేళ్ళతో సహా పీకి మిద్దెమీద ఎండబెడతారు. శీతాకాలంలో పళ్ళేనికి పల్చటి గుడ్డ బిగించి, దానిమీద కట్టలు పరిచి, కర్రలతో వాయిస్తారు. కిందికి దిగిన పొడి పంట. గుడ్డ మీద మిగిలిన గింజ మళ్ళీ ఏటికి విత్తనం.

ఆ వాయింపులో యామ్నాను మించినవాళ్ళు లేరు. పెళ్ళయిన మూడో ఏటికే పక్క ఊళ్ళవాళ్ళు గింజ కోసం ఆమె దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ఎవరికిచ్చినా ఊరికే ఇచ్చేది, నాలుగు చీవాట్లు కలిపి.

తర్వాత ఎవరో ఉత్తరం రాశారు. పేరు లేని ఉత్తరం. ముహంద్ గంజాయి పండిస్తున్నాడని జెండార్మ్‌లకు, అంటే సర్కారు పోలీసులకు. ఊరంతా పండిస్తున్నదే, కాని ఉత్తరంలో ఉన్నది అతని పేరు. అప్పట్నుంచి అతను వాళ్ళు వెతికే మనిషి అయ్యాడు. పదకొండేళ్ళు కొండ దిగలేదు. గుర్తింపు కార్డు గడువు తీరిపోయినా కొత్తది అడగలేదు. అడగడమంటే చేతులు చాపి సంకెళ్ళు వేయించుకోవడమే. ఒక డిసెంబరులో కడుపునొప్పితో ముడుచుకుపోయాడు. మూడోరోజుకు ఒళ్ళు నిప్పయ్యింది.

"లే, తెతువాన్ పోదాం," అంది యామ్నా.

"ఆస్పత్రిలో కార్డు అడుగుతారే."

"అడగనీ! పట్టుకుంటే పట్టుకుంటారు, బతుకుతావు గదా!"

"రేపు తగ్గకపోతే పోదాంలే."

మర్నాడు మధ్యాహ్నానికి అతను లేడు. కూతురు హనియకు అప్పుడు ఎనిమిదేళ్ళు. శవం దగ్గర యామ్నా ఏడవలేదని ఊరు చెప్పుకుంది. ఏడవలేదు నిజమే. వాకిట్లో నిలబడి, ఆ ఉత్తరం రాసిన చెయ్యి కుళ్ళిపోవాలని, ఊరు మొత్తానికి వినిపించేలా, గొంతు బొంగురుపోయేదాకా అరిచింది.

అల్లాల్ ముహంద్‌కు చిన్నాన్న కొడుకు. స్పెయిన్‌లో పన్నెండేళ్ళు కూరగాయల డేరాల్లో పనిచేసి తిరిగొచ్చాడు. వస్తూ కొత్త విత్తనం తెచ్చాడు. అక్కడి జాతినీ ఇక్కడి జాతినీ, ఎక్కడెక్కడివో కలిపి కట్టిన సంకరం అది. దానికి ఏదో పేరుంది, డబ్బీల మీద రాసి ఉంటుంది. కొండమీద మాత్రం రూమియా అన్నారు, పరాయిదని. అల్లాల్ దాని గురించి కొత్త పెళ్ళికొడుకు పెళ్ళాం గురించి చెప్పినట్టు చెప్పేవాడు. మనిషెత్తు దాటుతుందనీ, కంకి ముంజేయంత ఉంటుందనీ, బెల్దియా నాలుగు చెక్కల్లో ఇచ్చేది ఇది ఒక్క చెక్కలో ఇస్తుందనీ. అన్నీ నిజమే. దాని వాసనే వేరు. నిమ్మతొక్కా డీజిలూ కలిపి ఎండలో పెట్టినట్టుండేది. ఆగస్టులో ఆ చేను పక్కనుంచి నడిస్తే బట్టలకు అంటుకునేది.

అతను చెప్పనిది దాహం సంగతి. రూమియాకు వాన సరిపోదు. మేలో నాటింది మొదలు అక్టోబరు దాకా, వేలి లావు గొట్టాలతో, ప్రతి మొక్క మొదట్లో రోజూ నీళ్ళు పడాలి. అందుకని అల్లాల్ బోరు వేయించాడు. ఒకటి ఎండితే ఇంకా లోతుగా ఇంకొకటి. సూర్యుడి పలకలు పెట్టి మోటారు నడిపాడు. కరెంటు ఖర్చు లేదు గనక మోటారుకు విశ్రాంతీ లేదు. పైన నల్లచెరువు కట్టాడు. అతన్ని చూసి అవతలి కొండవాలు మీద ఇంకో ఇద్దరు.

ముసలి బూష్తా ఒకసారి ఆ సరుకు రుచి చూశాడు. అతను యామ్నాకు మామ వరస. నలభై ఏళ్ళుగా రోజూ మధ్యాహ్నం మూడు గొట్టాల కీఫ్ తాగి, అంజూరచెట్టు నీడలో కూచుని కబుర్లు చెప్పడం అతని అలవాటు. బెల్దియా తరిగి, కాస్త పొగాకు కలిపి, పొడుగాటి పుల్లగొట్టంలో తాగితే నాలుక వదులవుతుంది, మనసు తేలికవుతుంది, అంతే; లేచి మేకలను తోలుకొచ్చుకోవచ్చు. అల్లాల్ ఇచ్చిన రూమియా అదే లెక్కన మూడు గొట్టాలు తాగాడు. రెండోదానికే కాళ్ళు భూమిలో పాతేసినట్టయ్యాయి. మూడోదానికి గుండె చెవుల్లో కొట్టుకుంది. సాయంత్రం యామ్నా వెళ్ళేసరికి నేలమీద వెల్లకిలా పడి, చొక్కా పట్టుకుని వణుకుతున్నాడు.

"ఏమైంది మామా?"

"గుండె ఆగిపోయిందే. నేను పోయాను. నా గాడిద నన్ను జెండార్మ్ చూసినట్టు చూస్తోంది, దాన్ని అవతలికి తోలు."

నాలుగు రోజులకు తేరుకున్నాక అతనే ఆ కథ చెప్పి నవ్వించేవాడు. యామ్నా నవ్వలేదు. "పల్చటి మజ్జిగ తాగే ఇంట్లోకి సారా తెచ్చావు," అంది అల్లాల్‌తో. "ఇది తాగి పట్నాల్లో ఎంతమంది పిల్లలు ఇట్లా పడున్నారో." అల్లాల్, "వాళ్ళకు కావల్సింది అదే వదినా, నీ మజ్జిగ కొనేవాడు లేడిప్పుడు," అన్నాడు. అదీ నిజమే. ఏటికేడు బెల్దియా పొడిని అడిగేవాళ్ళు తగ్గిపోతున్నారు. నిజమని తెలిసినకొద్దీ ఆమెకు ఒళ్ళు మండేది.

ఆ జూన్ ఉదయం ఖాళీ డబ్బాతో ఆమె పైకి వెళ్ళేసరికి అల్లాల్ చెరువుగట్టు మీద కూచుని టీ తాగుతున్నాడు.

"రా వదినా, టీ తాగు."

యామ్నా డబ్బా మూత తీసి, బోర్లించి, అతని కాళ్ళ దగ్గర కుదిపింది. "చూశావా? ఏమైనా పడిందా?"

"ఊట తగ్గిందా? మూడేళ్ళ నుంచి వానల్లేవు గదా."

"వానల్లేకపోతే ఇదేమిట్రా? దేవుడు నీ ఒక్కడి నెత్తిమీదే కురిశాడా?"

"నా బోరు, నా డబ్బు. భూమిలోపల నీళ్ళకు గీతలు గీసుంటాయా, ఇది యామ్నాది, ఇది అల్లాల్‌ది అని?"

"గీతల్లేవు. అందుకే అడుగుతున్నా. మా అత్త తాగింది ఆ ఊట, వాళ్ళత్త తాగింది. నువ్వు పుట్టిన నాడు నిన్ను కడిగింది ఆ నీళ్ళతోనే. వారానికి మూడు రోజులు మోటారు ఆపు, ఊట ఊపిరి పీల్చుకుంటుంది."

"మూడు రోజులాపితే మొక్క వాలిపోతుంది. నీకు తెలీదు, ఇది నీ గడ్డి కాదు." అల్లాల్ గ్లాసు కిందపెట్టాడు. గొంతు మెత్తబడింది. "నేనొకటి చెప్తా విను. నీ చెక్కల్లో కూడా రూమియా వెయ్యి. నారు నాది, నీళ్ళు నావి, పంటలో సగం సగం. హనియ పెళ్ళి ఘనంగా చేసుకోవచ్చు. ఆ ముష్టి గింజలు పట్టుకుని ఎన్నాళ్ళు వేళ్ళాడతావు?"

"నా నీళ్ళు నాకే అమ్ముతావా? నా భూమిలో నన్నే కూలికి పెడతావా?" యామ్నా డబ్బాను చెరువులో ముంచింది. నింపుకుంది. అతను చూస్తూండగానే భుజానికెత్తుకుంది. "రేపట్నుంచి ఊరి ఆడవాళ్ళంతా ఇక్కడే నింపుకుంటారు. ఆపగలిగితే ఆపు."

మర్నాటికి చెరువు చుట్టూ ముళ్ళతీగ వచ్చింది, రెండు కుక్కలు వచ్చాయి. ఆడవాళ్ళు కింద వాగు దాకా గంటన్నర దిగి, రెండు గంటలెక్కి నీళ్ళు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి. గర్భిణులు కూడా. హనియ అరికాళ్ళు పగిలాయి. మగవాళ్ళు సమావేశమై, అల్లాల్ ఇంట్లో మాంసం తిని, దేవుడు వానలివ్వాలని చేతులెత్తి దువా చేసి ఇళ్ళకు పోయారు. ఆ సంగతి విని యామ్నా ఇంటింటి వాకిటి ముందూ ఆగింది. "అరిగిందా నాయనా? నీళ్ళు తాగావా పైన? ఎవరు మోసుకొచ్చారు?" అని అడిగి వెళ్ళింది.

ఆ ఏడు ఇంకొక సంగతి జరిగింది. చలికాలమంతా పొడిగా పోయి, వాన ఏప్రిల్ చివర్లో పడింది. దాంతో యామ్నా అన్నిటికన్నా పైచెక్కలో బెల్దియా గింజలు రెండు నెలలు ఆలస్యంగా చల్లింది. ఆ చెక్క అల్లాల్ చేనుకు తూర్పున, కాస్త ఎత్తులో ఉంటుంది. ఏటా అయితే జూన్ చివరికల్లా ఆమె పోతు మొక్కలు పుప్పొడి రాల్చి ఎండిపోయేవి. ఈసారి ఆగస్టు వచ్చాక పూతకొచ్చాయి. సరిగ్గా అప్పుడే కింద అల్లాల్ రూమియా కూడా పూతకొచ్చింది.

అతని చేలో పోతులు లేవు. ఆ విత్తనాన్నే అలా తయారుచేశారు, అన్నీ పెంటివే. పుప్పొడి తగలకుండా కాపాడితే కంకి గింజకట్టదు. కట్టదు గనక కొవ్వెక్కినట్టు లావెక్కి, జిగురు కారుతుంది. ఆ జిగురుకే ధర. ఒక్క గాలివాటుకు పుప్పొడి వచ్చి పడితే అన్నీ గింజలే.

ఆగస్టు మొదటివారంలో ఒక ఉదయం అల్లాల్ యామ్నా వాకిట్లోకి వచ్చాడు. చేతిలో చక్కెర దిమ్మ ఉంది, నీలం కాగితం చుట్టింది. హనియ దాన్ని అందుకోబోతే యామ్నా కళ్ళతోనే ఆపింది.

"వదినా, పైచెక్కలో పోతులున్నాయి."

"ఉంటాయి. దేవుడు జతలుగానే పుట్టించాడు."

"పీకించెయ్. మనుషుల్ని నేనే పంపిస్తా, నీకు శ్రమ లేదు. నష్టమెంతో చెప్పు, ఇస్తా."

యామ్నా పప్పు ఏరుతున్న చేట పక్కన పెట్టింది. అప్పుడర్థమైంది ఆమెకు, ఈ మనిషి భయపడుతున్నాడని. రెండు నెలల్లో మొదటిసారి ఆమె గొంతు నెమ్మదిగా వచ్చింది.

"వారానికి మూడు రోజులు మోటారు ఆపు. తీగ తీసెయ్. ఈ సాయంత్రమే పీకేస్తాను, నా చేత్తో."

"అది కుదరదని చెప్పాను గదా."

"అయితే ఇదీ కుదరదు."

"నా చేనంతా గింజకడుతుంది! ఏడాది పెట్టుబడి! సరుకు కొనే అవతలివాళ్ళు నన్ను బతకనివ్వరు!"

"నా కూతురి కాళ్ళు చూస్తావా? హనియా, ఇట్లా రా, మీ బాబాయికి నీ కాళ్ళు చూపించు."

అల్లాల్ చూడలేదు. లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, అటువైపు తిరిగే అన్నాడు. "ఆడదానివని ఊరుకుంటున్నా. ఒక కాగితం ముక్క చాలు వదినా. నీ పేరు, నీ చెక్క ఎక్కడుందో, రెండు వాక్యాలు. ఆ తర్వాత నువ్వూ కొండ దిగలేవు."

హనియ, తల్లి ముఖం చూసి, గోడకు అతుక్కుపోయింది. యామ్నా లేచింది. ఆ చక్కెర దిమ్మ తీసింది. అది అల్లాల్ వీపుకు తగిలి, రాళ్ళమీద పడి ముక్కలైంది.

"ఆ ఉత్తరం నువ్వేనా? చెప్పరా! ముహంద్ పేరు రాసింది నువ్వేనా?"

"నేను కాదు! ఒట్టు, అప్పుడు నేను స్పెయిన్‌లో ఉన్నా!"

"స్పెయిన్‌లో తపాలా లేదా?"

అతను దాదాపు పరుగెత్తాడు. అతను రాశాడో లేదో యామ్నాకు ఎన్నటికీ తెలియలేదు. రాసినవాడి భాష మాత్రం అతని నోట్లో ఉంది. ఆమెకు అది చాలింది.

గురువారం సంతకు వెళ్ళింది. బార్లీ బస్తాలు దించే చోట, ఒక బస్తా ఎక్కి నిలబడింది. అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు, టీ దుకాణం బల్లల మీది మగవాళ్ళు, మూలన కూచున్న ముఖద్దం, అందరూ తిరిగి చూశారు. ముఖద్దం అంటే ఊళ్ళో సర్కారు కన్ను.

"వినండి!" అని అరిచింది. "నేను తమదిత్ యామ్నాను. ముహంద్ పెళ్ళాన్ని. నా పైచెక్కలో గంజాయి ఉంది, బెల్దియా, పోతులతో సహా. మీ అందరి చేలల్లో ఉన్నదే. నా మీద ఉత్తరం రాస్తానని నా మరిది అల్లాల్ నా గుమ్మంలో నిలబడి చెప్పాడు. ఎందుకంటే తాగే నీళ్ళడిగాను గనక! రేపు నా ఇంటికి జెండార్మ్‌లొస్తే ఎవడు రాశాడని ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. నా మొగుడి మీద రాసినవాడు పేరు దాచుకున్నాడు. వీడికి ఆ అవకాశం నేనివ్వను!"

టీ దుకాణంలో ఎవడో, "దిగవే తల్లీ, గొంతు పోతుంది," అన్నాడు.

"నా గొంతు సంగతి నీకెందుకు? నీ నోట్లోంచి ఒక్క మాట ఊడిపడిందా ఈ రెండు నెలల్లో? తిన్న మాంసం ఇంకా పళ్ళలో ఇరుక్కుందా?"

ఆ మనిషి టీ గ్లాసులోకి చూసుకున్నాడు. ముఖద్దం లేచి, ఏమీ వినబడనట్టు చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఉత్తరం మాత్రం రాలేదు. ఆ సంత తర్వాత అది రాయడమంటే కింద సంతకం పెట్టడమే.

అల్లాల్ ఇంకో దారి పట్టాడు. శనివారం ఉదయం ఆరుగురు కూలీలను కొడవళ్ళతో పైచెక్కకు పంపాడు. హనియ ముందే చూసి పరుగెత్తుకొచ్చి చెప్పింది. యామ్నా గునపం అందుకుని వాకిట్లోకొచ్చేసరికి, నీళ్ళకు బయల్దేరిన ఆడవాళ్ళు దారిలోనే ఉన్నారు. గాడిదల మీద ఖాళీ డబ్బాలున్నాయి. ఆమె వాళ్ళను రమ్మనలేదు. "ఎన్నాళ్ళు మోస్తారే?" అని మాత్రం అడిగి, కొండెక్కింది. వాళ్ళు గాడిదలను అలాగే వదిలేసి వెనక నడిచారు. పదిహేడుమంది. చెక్క గట్టుమీద వరసగా నిలబడ్డారు. కొందరి చేతుల్లో పారలు, కొందరి చేతుల్లో ఏమీ లేవు. బూష్తా కూడా వచ్చి, ఆయాసంతో మాట పెగలక, వాళ్ళ ముందు కూలబడ్డాడు.

కూలీల పెద్ద అటూ ఇటూ చూశాడు. "అత్తా, మాకు కూలిచ్చారు, వచ్చాం. మాకేం పగ లేదు."

"నీ ఊళ్ళో ఊట ఉందా?" అని అడిగింది యామ్నా.

"ఉంది."

"మీ అమ్మ నీళ్ళు తెచ్చుకుంటోందా?"

అతను కొడవలి నడుంలో దోపుకుని, తనవాళ్ళకు సైగ చేశాడు. వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నమే షర్గీ లేచింది. తూర్పునుంచి వచ్చే వేడిగాలి. మూడు రోజులు విసిరింది. పైచెక్కలో పోతులను ఊపినప్పుడల్లా లేతపచ్చ పొడి పొగలా లేచి, కొండవాలు మీదుగా కిందికి దిగింది. యామ్నా ఆ మూడు రోజులూ గట్టుమీదే కూచుని రొట్టె తింది. సంతోషం కాదు అది. పళ్ళు బిగబట్టుకుని, దవడ నొప్పి పుట్టేలా కూచుంది.

పది రోజుల్లో రూమియా కంకుల మీది తెల్లటి వెంట్రుకలు గోధుమరంగుకు తిరిగి ముడుచుకున్నాయి. అక్టోబరులో కోశాక కంకిని అరచేతిలో నలిపితే ఆవగింజల్లా గింజలు రాలాయట. అవతలివాళ్ళు వచ్చి, వాసన చూసి, గుప్పెడు గింజలు అల్లాల్ ముందు నేలమీద పోసి వెళ్ళిపోయారు. అతను ఆ ఏడు మునిగిపోలేదు గాని నడుం విరిగింది. మరుసటి వసంతంలో పలకలు విప్పుకుని, మోటారు లారీకెక్కించుకుని, రెండు కొండలవతల బూజిది లోయకు పోయాడు. నల్లచెరువు ఎండి, ప్లాస్టిక్ చీలికలుగా గాలికి కొట్టుకుంది.

ఊట వెంటనే రాలేదు. అల్లాల్ పోయాక రెండో చలికాలానికి, పిల్లకాలవంత కాదు, పుల్లంత ధార వచ్చింది. దానికే ఆడవాళ్ళు రొట్టెలు కాల్చి పంచారు. యామ్నా వెళ్ళలేదు. ఆమెకు అప్పటికి ఇంకో దెబ్బ తగిలింది. అల్లాల్ చేలో ఎండకు అల్లాడిన పెంటి మొక్కలు కొన్ని, చావుతెలివితో, తమంతట తామే పోతు పూలు పూశాయి. గాలి తిరిగినప్పుడు ఆ పుప్పొడి ఆమె చెక్కలోకీ వచ్చింది. ఆ సంగతి మరుసటి ఏడు మొలకలొచ్చాకే బయటపడింది. మూడింట ఒక వంతు మొక్కలు మెడలు సాచి, వెడల్పాటి ఆకులేసి, జూన్ రాకముందే నీళ్ళు నీళ్ళని వాలిపోయాయి. ముప్పై ఏళ్ళు ఏరి ఏరి కాపాడిన గింజ అది. యామ్నా వరస వరసా తిరిగి, అలాంటి ప్రతి మొక్కనూ పీకి, ప్రతిదానికీ వేరే తిట్టు తిట్టింది. హనియ వెనకే నడుస్తూ, "చాలమ్మా, మొక్కకేం తెలుసు," అంది. "తెలీకపోతే నేర్చుకోవాలి," అని అరిచింది యామ్నా. అటకమీద పాత కుండలో, కలుషితం కాకముందరి గింజ నాలుగు దోసిళ్ళు మిగిలింది. అంతే.

ఊట తిరిగొచ్చిన చలికాలం చివర, మార్చిలో, బూజిది నుంచి ఒకామె గాడిదమీద వచ్చింది. పేరు రఖియా. నలభై ఉంటాయి, చూడ్డానికి అరవై. గుమ్మంలో నిలబడి సలాం చెప్పి, ముఖం దించుకుంది.

"లల్లా యామ్నా, తల్లీ, మా ఊట పోయింది."

"ఎప్పుడు?"

"రెండేళ్ళు కావస్తోంది."

"రెండేళ్ళు!" యామ్నా చేతిలో జల్లెడ ఎగిరి గోడకు తగిలింది. "రెండేళ్ళు మోసుకుంటూ నోరు మూసుకుని కూచున్నారా? మీకు నాలుకలున్నాయా, కోసి వాడికి కూర వండి పెట్టారా? ఆ మొగాళ్ళేం చేస్తున్నారు, మాంసం తింటున్నారా?"

"తింటున్నారు," అంది రఖియా.

యామ్నా ఆమెను కూచోబెట్టి, రొట్టె, నూనె, ఉడికించిన చిక్కుడు గింజల జావ పెట్టింది. ఆమె తింటూండగా అడిగింది. "మీ చేను వాడి చేనుకు తూర్పునుందా?"

"రెండు చెక్కలు. కాస్త ఎత్తులోనే."

"ఏప్రిల్ చివర చల్లాలి. ముందు చల్లితే పోతులు ముందే చచ్చిపోతాయి, వాడు నవ్వుతాడు. వినబడుతోందా? పలచగా చల్లాలి. నీళ్ళు పెట్టకూడదు."

ఉన్న నాలుగు దోసిళ్ళలో రెండు గుడ్డలో కట్టి ఇచ్చింది. ఇచ్చాక మనసొప్పలేదు. వీళ్ళు పాడుచేస్తారని ఆమె నమ్మకం. ఏప్రిల్ చివరివారం తనే గాడిదెక్కి, రెండు కొండలు దాటి బూజిదికి పోయింది. ఆ లోయ ఆడవాళ్ళు చెక్కలో దిగి గింజలు చల్లుతూంటే గట్టుమీద నిలబడి, "కోళ్ళకు వేస్తున్నావా? వేళ్ళు విప్పు! నీ వెనక చూడు, కుప్పపోసి పోయావు!" అని కేకలేస్తూనే ఉంది.

కింద బాటమీద అల్లాల్ లారీ వచ్చి ఆగింది. అతను దిగాడు. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశాడు. గొంతు గుర్తుపట్టినట్టున్నాడు. తర్వాత లారీ ఎక్కి వెళ్ళిపోయాడు.

మొలకలు పైకి రాకముందే, మే మొదట్లో, అతని మనిషి వచ్చి బూజిది ఊరివాళ్ళతో చెప్పి వెళ్ళాడు. వారానికి రెండు రోజులు మోటారు ఆపుతారట, చెరువునుంచి ఊట తొట్టికి గొట్టం కూడా వేస్తారట. రఖియా సంబరంగా తమదిత్ వచ్చి ఆ మాట చెప్పింది. యామ్నా ఊటదగ్గర, ఆ పుల్లంత ధార కింద డబ్బా పెట్టుకుని కూచుని ఉంది. డబ్బా ఇంకా సగం కూడా కాలేదు.

"రెండు రోజులా? మిగతా అయిదు రోజులు మీరు ఉమ్ము మింగుతారా?" అంది. "పోతుల్ని పీకొద్దు. వాడు ఎన్ని చక్కెర దిమ్మలు తెచ్చినా పీకొద్దు. పూతకొచ్చాక నేను మళ్ళీ వస్తాను."